సుబ్బారావుగారి సంక్రాంతులు

సికిందరాబాదులో నా వద్ద తెలుగు చదువుకొని అమెరికా వెళ్లిన శిష్యులు సంక్రాంతినాడు వీడియోలో తమ ముగ్గులూ, అరిసెలూ చూపిస్తుంటారు. వారిని చూసినప్పుడల్లా యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ఫురణకు వస్తారు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన ఆయన, మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో బోస్టను చేరారు. హార్వర్డులో ప్రవేశం లభించింది గాని భృతి లభించలేదు. మామగారి సాయమూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి సొమ్మూ ఆధారంగా వెళ్లి, రాత్రులు ఆసుపత్రిలో సేవకుడిగా పనిచేస్తూ పగలు చదివారు.

ఇక్కడ భోగిమంటలు వేసే రోజుల్లో అక్కడ మంచు. ఉత్తరం ఓడలో వారాలకు గాని చేరేది కాదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి చూడనే లేదు.

1927లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియేటిన్‌ను లోకానికి వెల్లడించారు. 1930లో డాక్టరేటు పొందారు. స్వదేశానికి మరలి రాకుండానే 1948లో అమెరికాలో మరణించారు.

1924 మొదలు లెక్కిస్తే ఇరవై అయిదు సంక్రాంతులు. అన్నేళ్లూ భార్య శేషగిరిగారు ఈ గడ్డమీదనే ఉన్నారు. ఆయన పరిశోధనల గురించి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, ఆ చదువు ఖరీదులో ఈమె వాటా కూడా ఉన్నదని చెప్పాలి, మిత్రులారా!