హెబ్బాళ పొలం, మన సంగటి

మనం సంగటి అంటాం. సరిహద్దు దాటి నాలుగు మైళ్లు పోతే అదే ముద్దె. ఆ ముద్ద చరిత్ర తెలియాలంటే మీరు కాసేపు నాతో బెంగళూరు హెబ్బాళకు రావాలి.

1876-78 కరువు మైసూరు సంస్థానాన్నీ మన సీమనూ కలిపే దెబ్బ తీసింది. మన పెద్దలు ధాత కరువు అన్నది దానినే. పురుగు పట్టని రాగులను పాతరల్లో దాచుకోవడం ఎందుకో అర్థమైన తరం అది. ఆ జ్ఞాపకం చల్లారకముందే, 1899లో, రాజప్రతినిధిగా ఉన్న మహారాణి కెంపనంజమ్మణ్ణి హెబ్బాళలో 30 ఎకరాలను వ్యవసాయ ప్రయోగాలకు ఇచ్చింది. తర్వాత కెనడా నుంచి వచ్చిన లెస్లీ కోల్మన్ మైసూరు వ్యవసాయ శాఖను నడిపిన కాలంలో, రైతుల చేలలోంచి మంచి కంకులు ఏరి రకాలు తయారు చేయడం మొదలైంది. 1964లో ఇక్కడే వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది.

ఈ కథలో అసలు మనిషి సి.హెచ్. లక్ష్మణయ్య (1921-1993). పనిచేసింది ఎక్కువగా మండ్య పొలంలో. రాగి పుట్టిల్లు ఆఫ్రికా అని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అక్కడి రాగికి పెద్ద కంకి, గట్టి కాడ. మన రాగికి పిలకలు ఎక్కువ, కోత త్వరగా వస్తుంది. రెండింటినీ కలిపితే? చెప్పినంత సులువు కాదు. రాగి పువ్వు కంటికి ఆనదు, ఆడా మగా ఆ ఒక్క పువ్వులోనే ఉంటాయి. అయినా ఓపికగా సంకరం చేశాడాయన. ఇండియా, ఆఫ్రికా పేర్లు కలిపి ‘ఇండాఫ్’ అని పేరు పెట్టారు. ‘రాగి బ్రహ్మ’ అని జనం పిలిచారంటే ఊరికే కాదు. అగ్గి తెగులును తట్టుకునే జి.పి.యు.-28 బెంగళూరులో తయారైనప్పుడు దాని వంశంలోనూ ఇండాఫ్‌-5, ఇండాఫ్‌-9 ఉన్నాయి. పైగా ఈ విత్తనాన్ని రైతు ఇంట్లో దాచి మళ్లీ చల్లుకోవచ్చు, ఏటా కొననక్కరలేదు. నా దృష్టిలో దిగుబడి కంటే ఇదే పెద్ద మేలు.

కంకి పెరిగింది గాని చేను చిక్కిపోయింది. కన్నడ రైతులు ‘అక్కడి సాలు’ అంటారు. మన ‘అక్కడ’తో దీనికి పనిలేదు. కొన్ని సాళ్ల రాగికి ఒక సాలు అనుములో, కందులో, జొన్నలో వేయడం, గట్టు పక్కన వెర్రి నువ్వులు చల్లడం. రాగి ఎండితే కంది నిలిచేది. అనుము వేరు భూమికి సత్తువ ఇచ్చేది. ఇంటి పప్పు, పశువుల మేత ఆ సాళ్లలోంచే వచ్చేవి. విత్తనం ఏరి, బూడిద కలిపి కుండలో దాచేది ఆడవాళ్లు. వెడల్పాకు కలుపును చంపే మందు చల్లితే అనుము కూడా చస్తుంది. కోత యంత్రం దిగితే ఆ సాళ్లు అడ్డం. అలా ఒక్కొక్కటే పోయాయి.

తినేవాళ్ల సంగతి వేరే చెప్పాలా? 1983లో మన రాష్ట్రంలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన మాట నిజం, కాదనను. కాని సంగటి పేదవాడి తిండి, అన్నం మర్యాద అన్న భావం దాంతోపాటు బలపడింది. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, బెంగళూరు పెద్ద హోటళ్లలో రాగి మాల్టు, రాగి దోసె గొప్ప తిండ్లయ్యాయి. రైతుకు? 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. కర్ణాటక ప్రభుత్వం మద్దతు ధరకు కొని రేషనులో ఇవ్వడం వల్ల అక్కడి చిన్న రైతుకు కొంత ఆసరా ఉంది.

2016 నుంచి ఆంధ్ర ప్రభుత్వం నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయంలో, వానలకు ముందే పలు రకాల విత్తనాలను కలిపి చల్లే పద్ధతిని అనంతపురం పక్క మీరు చూసే ఉంటారు. అక్కడి సాలుకు అది దూరపు చుట్టం. అయితే కలిపి వేసిన పంటను యంత్రం కోయలేదు. చేత్తోనే కోయాలి. ఆ కూలి భారం ఇంకా రైతు మీదే ఉంది.