ల్యాప్‌టాప్ కెమెరా రావట్లేదా? షాపుకు వెళ్లే ముందు ఇవి చూడండి

దుబాయ్‌లో ఉన్న అబ్బాతో వీడియో కాల్, లేదంటే పిల్లల ఆన్‌లైన్ ఇంటర్వ్యూ టైముకు కెమెరా నల్లగా కనిపిస్తే కంగారు పడొద్దు. విడపనకల్లు నుంచి గుంతకల్లు షాపుకు వెళ్లే ముందు ఇవి వరసగా చూడండి.

1. లెన్స్ మీద మూత ఉంటే జరపండి. కీబోర్డులో కెమెరా బొమ్మ ఉన్న కీ ఉంటే నొక్కండి.

2. జూమ్, వాట్సాప్ రెండూ తెరిచి ఉంటే ఒకటి మూసేయండి. కెమెరాను ఒకటి వాడుతుంటే రెండోదానికి అందకపోవచ్చు.

3. విండోస్ 11 సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’కి వెళ్లి, ‘కెమెరా’ ఆన్ చేయండి.

4. డివైస్ మేనేజర్‌లో ‘కెమెరాస్’ కింద ఉన్న పేరుపై రైట్ క్లిక్ చేసి, ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ నొక్కి రీస్టార్ట్ చేయండి. మామూలుగా విండోస్ దాన్ని మళ్లీ తనే పెట్టుకుంటుంది.

అక్కడ కెమెరా పేరే లేకపోతే లోపలి వైరు ఊడి ఉండొచ్చు, లేదా కెమెరా పోయి ఉండొచ్చు. అప్పుడే షాపుకు తీసుకెళ్లండి. అర్జెంటైతే యూఎస్‌బీ వెబ్‌క్యామ్ తగిలిస్తే పని జరిగిపోతుంది.