అరవై నాలుగు దగ్గర గీసిన గీత

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకులు కోరినప్పుడు, నేను మన పే రివిజన్ కమీషన్ల చరిత్రో, పాత ట్రెజరీ పద్ధతుల గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఎన్నుకున్న విషయం చూసి మిత్రులు కొందరు మొహం చిట్లించవచ్చు. ఆడవారి రొమ్ము క్యాన్సరు సంగతి ఒక రిటైర్డు గుమాస్తాకు ఎందుకని అడగవచ్చు. మన సంచిక ఇంటికి వచ్చాక మనకంటే ముందు మన ఇళ్లలోని ఆడవారే చదువుతారని నాకు తెలుసు. అందుకే వ్రాస్తున్నాను.

2015లో మా అక్కయ్యకు 72 ఏళ్లు. స్నానం చేస్తుండగా రేగిపండంత గడ్డ చేతికి తగిలిందట. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. తరువాత నేను కోప్పడితే, "ఈ వయసులో అది ఎవరికి చూపించుకోనురా తమ్ముడూ, నవ్విపోరూ?" అంది. చివరికి చూపించిన మొదటి డాక్టరు కూడా, ఈ వయసులో ఇవన్నీ కొవ్వు గడ్డలేనమ్మా అని మాత్రలు ఇచ్చి పంపాడు. అలా మరో రెండు నెలలు పోయాయి. 2017లో అక్కయ్య పోయింది. ఆ తరువాత నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. డెబ్బై దాటిన మనిషిని ఈ పరీక్షలకు రమ్మని ఎవరూ ఎందుకు పిలవలేదు? పిలవకూడదని ఎక్కడైనా రూలు ఉందా? ఉంటే దాన్ని ఎవరు, ఎప్పుడు వ్రాశారు? ముప్ఫై ఆరేళ్లు ఫైళ్లు తిప్పిన వాణ్ణి. ఏ ఆర్డరుకైనా మూలం ఎక్కడుందో వెతికే అలవాటు పోదు. మా మనవరాలు కంప్యూటరులో తెచ్చి పెట్టిన కాగితాలు చదువుకుంటూ పోయాను.

రాంట్‌జెన్ ఎక్స్-రేను కనిపెట్టింది 1895లో. 1913లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే శస్త్రవైద్యుడు, ఆపరేషన్ చేసి తీసివేసిన సుమారు మూడు వేల రొమ్ములను ఎక్స్-రే తీసి, చేతికి తెలియని రోగం కూడా ఆ ఫిలిములో కనిపిస్తుందని చూపించాడు. ఆయన యూదుడు. హిట్లరు రోజుల్లో ఉద్యోగం పోయింది, 1938లో నిర్బంధ శిబిరానికి పంపారు. ఎలాగో బ్రతికి బయటపడ్డాడు గాని, చిత్రకారిణి అయిన ఆయన కూతురు షార్లెట్‌ను 1943లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఈ ముక్క నా వ్యాసానికి అవసరం లేదు. కాని చదివాక వదిలి ముందుకు పోలేకపోయాను. ఆ తరువాత అమెరికాలో వారెన్ 1930లో బ్రతికి ఉన్న రోగులకే ఎక్స్-రే తీశాడు. ఉరుగ్వేలో లెబోర్న్ అనే ఆయన, రొమ్మును పలకల మధ్య అదిమి తీస్తే బొమ్మ స్పష్టంగా వస్తుందన్నాడు. ఇప్పటికీ మన ఆడవారు విసుక్కునేది ఆ అదమటాన్నే. 1960లో హ్యూస్టన్‌లో ఈగన్ అనే డాక్టరు ఎవరైనా నేర్చుకోదగ్గ పద్ధతిగా దాన్ని కుదిర్చాడు.

ఇంతవరకు అది డాక్టర్ల చరిత్ర. ఇక గుమాస్తాల చరిత్ర మొదలవుతుంది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

న్యూయార్కు నగరంలో హెచ్.ఐ.పి. అనే ఆరోగ్య బీమా పథకం 1947 నుండి నడిచింది. మేయరు లాగార్డియా పూనికతో, ముఖ్యంగా నగర ప్రభుత్వ ఉద్యోగుల కోసం పుట్టిన పథకం. అంటే మనవంటి వారే, మన ఇళ్లలోని వారే. అక్కడ ఫిలిప్ స్ట్రాక్స్ అనే ఎక్స్-రే డాక్టరు ఉండేవాడు. ఆయన భార్య 1947లో నలభై నిండకుండానే రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఆయనా, లెక్కల మనిషి శామ్ షాపిరో, శస్త్రవైద్యుడు లూయీ వెనెట్ కలిసి 1963 డిసెంబరులో ఒక పెద్ద పని తలపెట్టారు. పథకం జాబితాలో నుండి 40 మొదలు 64 ఏళ్ల ఆడవారిని సుమారు 62 వేల మందిని ఎంచి, చీట్లు వేసినట్టు రెండు సమాన భాగాలు చేశారు. ఒక భాగానికి ఉత్తరాలు వ్రాసి, ఫోన్లు చేసి, ఏటా ఒకసారి చొప్పున నాలుగుసార్లు మామోగ్రాము, డాక్టరు చేతి పరీక్ష చేశారు. రెండో భాగాన్ని వారి మామూలు వైద్యానికి వదిలేశారు.

పిలిచిన వారిలో మూడింట ఒక వంతు మంది అసలు రాలేదు. ఇక్కడే షాపిరో గొప్పతనం ఉంది. రాని వారి పేర్లు కొట్టివేయలేదు. వారు చనిపోయినా పిలిచిన వారి లెక్కలోనే వ్రాశాడు. ఎందుకంటే, తమంతట తాము పరీక్షకు వచ్చేవారు సాధారణంగా ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారు. వారిని మాత్రమే లెక్కిస్తే పరీక్షకు లేని గొప్ప వచ్చిపడుతుంది. గైర్హాజరైన వారి పేరు రిజిస్టరులోంచి తీసేసి హాజరు శాతం పెంచి చూపిన ఆఫీసులు మనమెన్ని చూడలేదు! ఇన్ని వేల మంది బ్రతుకు చావులను ఏళ్ల తరబడి ఎవరో గుమాస్తాలు కార్డుల మీద ఎక్కించి ఉంటారు కదా. వారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. 1971లో అచ్చయిన ఫలితం ప్రకారం, మొదటి కొన్నేళ్లలో పిలిచిన భాగంలో ఈ జబ్బు చావులు సుమారు మూడో వంతు తగ్గాయి.

మిత్రులు ఇక్కడ ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. అరవై నాలుగు. అరవై అయిదో ఏట పరీక్ష పనిచేయదని ఎవరూ రుజువు చేయలేదు. ఆ ప్రయోగంలో అంతకు పైవారిని తీసుకోలేదు, అంతే.

1977లో స్వీడన్‌లో, లాస్లో టాబార్ అనే హంగరీ దేశపు డాక్టరు ముఖ్యులుగా, రెండు జిల్లాలలో ఇంతకంటే పెద్ద పని మొదలైంది. 40 నుండి 74 ఏళ్ల వారు లక్షా ముప్ఫై వేల మందికి పైగా ఉన్నారు. 1985లో చావులు 31 శాతం తగ్గాయని ప్రకటించారు. డెబ్బై దాటిన వారిని చేర్చుకున్నది ఈ ప్రయోగమే, కాని వారిలో వచ్చేవారు తగ్గడంతో రెండు విడతలతో పిలవటం మానేశారు. డెబ్బై అయిదు దాటిన వారిని ఇటువంటి ప్రయోగాలలో ఎక్కడా తీసుకోలేదు. ఇంగ్లండులో ఫారెస్టు కమిటీ 1986లో నివేదిక ఇస్తే, 1988 నుండి 50-64 ఏళ్ల వారికి మూడేళ్లకొకసారి ప్రభుత్వమే ఉత్తరం పంపింది. అరవై అయిదు వస్తే ఉత్తరం ఆగిపోయేది. కావాలనుకుంటే వారే వచ్చి అడగాలి. 2000 సంవత్సరపు ప్రణాళికతో ఆ గీతను 70కి జరిపారు. 2009లో ఆ దేశమే 71-73 ఏళ్ల వారిని కూడా చీట్ల పద్ధతిన పిలిచి చూడటం మొదలుపెట్టింది. అదే 2009లో అమెరికా నిపుణుల సంఘం, రెండేళ్లకొకసారి 50 నుండి 74 వరకు అని చెప్పి, 75 తరువాత మంచో చెడో చెప్పటానికి ఆధారం చాలదని వ్రాసింది. 2024లో మొదలుపెట్టే వయసును 40కి తగ్గించారు గాని, పైగీత 74 దగ్గరే ఉంది.

"ఆధారం చాలదు" అన్న మాటను "అవసరం లేదు" అని చదువుకోవటంలోనే పొరపాటు ఉంది. ఫైలు మీద "వివరములు చాలనందున" అని వ్రాస్తే అది తిరస్కరణ కాదని మనకు తెలియనిది కాదు.

అలాగని ఈ పరీక్ష అందరికీ మంచిదేనని వ్రాస్తే అది అబద్ధం. కెనడాలో 1980లో ఆంథోనీ మిల్లరు మొదలుపెట్టిన ప్రయోగంలో మామోగ్రాము వల్ల చావులు తగ్గలేదు. దాని మీద డాక్టర్లు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నారు. చివరికి ఇంగ్లండులో మార్మట్ కమిటీ 2012లో ప్రయోగాలన్నీ తిరగవేసి ఒక లెక్క చెప్పింది. ఏభయ్యో ఏట నుండి ఇరవై ఏళ్లపాటు పదివేల మందిని పిలిస్తే 43 మంది ప్రాణాలు దక్కుతాయి. కాని 129 మందికి, బ్రతికినంతకాలం ఏ బాధా పెట్టకుండా ఉండిపోయే క్యాన్సరును బయటికి తీసి, లేనిపోని ఆపరేషన్లు చేసినట్టవుతుంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

వయసు మళ్లే కొద్దీ ఈ రెండో అంకె బరువు పెరుగుతుంది. మెల్లగా పెరిగే గడ్డ కంటే గుండెజబ్బో మరొకటో ముందు తీసుకుపోవచ్చు. పరీక్ష చేసిన వెయ్యి మందిలో ఒక్క ప్రాణం దక్కటానికి సుమారు పదేళ్లు పడుతుందని 2013లో లెక్కకట్టారు. అందుకే అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2015లో వయసు గీత తీసేసి, ఆరోగ్యం బాగుండి ఇంకా పదేళ్లు బ్రతికే అవకాశం ఉన్నంతవరకు చేయించుకోవచ్చని చెప్పింది. నాకు సబబుగా తోచింది ఇదే.

మన దేశం సంగతి. ఊరూరా మామోగ్రాము యంత్రాలు పెట్టలేమని, 1998లో బొంబాయి టాటా మెమోరియల్ వారు డాక్టర్ ఇంద్రనీల్ మిత్రా ఆధ్వర్యంలో మురికివాడల ఆడవారిపై వేరే ప్రయోగం చేశారు. కొద్దిపాటి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో పరీక్షించారు. 35-64 ఏళ్ల వారు, లక్షా ఏభై ఒక్క వేల పైచిలుకు. 2021లో ఫలితం వచ్చింది. మొత్తం మీద తగ్గుదల గట్టిగా తేలలేదు గాని, ఏభై దాటిన వారిలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలలో 30 నుండి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకొకసారి చేతి పరీక్ష అన్నారు. మళ్లీ అదే గీత. డెబ్బై వచ్చాక అదనపు పెన్షను ఇచ్చేటప్పుడు మన వయసు గుర్తుపెట్టుకునే ప్రభుత్వం, ఈ రిజిస్టరులో మాత్రం అంతకు ముందే మన ఆడవారి పేరు ముగిస్తుంది. ఇదంతా ఏ గడ్డా లేని వారి సంగతి. గడ్డ చేతికి తగిలితే, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుండి రక్తం కారినా, తొంభై ఏళ్ల వారయినా చూపించవలసిందే. మా అక్కయ్య విషయంలో జరిగింది ఈ రెండో పొరపాటు.

మా శ్రీమతికి ఇప్పుడు 71. ఏభై అయిదో ఏట నుండి మధ్యమధ్య మామోగ్రాము తీయించుకుంటోంది. ఈసారి నేను బయలుదేరమంటే కదలలేదు. "మీరు వదినగారిని తలచుకొని నన్ను తీసుకువెళుతున్నారండీ. నా కోసం కాదు" అంది. నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే అది నిజం. నెల రోజులు ఆ మాట ఎత్తలేదు. ఈలోగా మా పాత సూపరింటెండెంటు గారి భార్య, ఎనభై దాటినావిడ, మూత్రపిండాలు చెడి వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు వెళుతున్నావిడ, "మా డాక్టరు ఇంక అది వద్దన్నారు, బ్రతికించారు నాయనా" అని నవ్వుతూ చెప్పింది. ఆవిడకు అదే సరయిన సలహా అని ఇంటికి వచ్చి నేనే అన్నాను. అప్పుడు మా ఆవిడ కాగితాలు ఇటివ్వండని అడిగి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని చదివింది. 43, 129 అంకెల కింద పెన్సిలుతో గీత గీసింది. కొంచెం బి.పి. తప్ప వేరే జబ్బు లేదు. వాళ్ల అమ్మగారు తొంభై మూడేళ్లు బ్రతికారు. తానే బయలుదేరింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. మంచి ప్రశ్న అడిగింది. "అమ్మా, ఒకవేళ ఏదైనా కనిపిస్తే వైద్యం చేయించుకుంటారా? చేయించుకోననుకుంటే ఈ పరీక్ష కూడా వద్దు." మా ఆవిడ నా వైపు చూడకుండానే, "చేయించుకుంటానమ్మా, అది ఆలోచించుకునే వచ్చాను" అంది.

ఇది 2025 ఫిబ్రవరి మాట. ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. దాన్ని ఫ్యామిలీ పెన్షను నామినేషను కాగితాలుండే ఆకుపచ్చ ఫైలులో పెట్టి, అట్ట మీద తన చేతి వ్రాతతో "2027" అని వేసింది. పక్కన "చేయించాలి" అని వ్రాయబోతున్నదనుకున్నాను. "ఆలోచించాలి" అని వ్రాసింది.