నాగజెముడు: పురుగు కోసం వచ్చిన మొక్క

ఒకప్పుడు మెట్ట పొలం గట్టున నాగజెముడు కనబడితే రైతు గొడ్డలి వెతుక్కునేవాడు. ఇప్పుడు దాని చుట్టాలే పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు నర్సరీల్లో బుల్లి కుండీల్లో కొలువుతీరి, డబ్బులిస్తే గానీ ఇంటికి రామంటున్నాయి.

దీన్ని మన మొక్కే అనుకునేవాళ్లు చాలామంది. కాదు, ఇది అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మన సొంత జెముళ్లు, అంటే బొమ్మజెముడు, ఆకుజెముడు లాంటివి, కాక్టస్ కుటుంబానికి చెందినవే కావు. వాటి కొమ్మ గిల్లితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం. నాగజెముడు మట్టను కోస్తే వచ్చేది జిగట నీరే. దాని దగ్గర భయపడాల్సింది పెద్ద ముళ్లకు కాదు, వాటి మొదట్లో కుచ్చులుగా ఉండే నూగుముళ్లకు. ఎర్రగా పండిన కాయల్ని పల్లెల్లో పిల్లలు బండకేసి రుద్ది, నూగు పోయాకే తినేవాళ్లు. మూతీ చేతులూ ఎర్రబడి ఇంట్లో దొరికిపోయేవాళ్లు.

ఇంతకీ ఇది ఇక్కడికెందుకు వచ్చినట్టు? దేశదేశాలకు అది చేరిన దారులు అనేకం. మద్రాసులో మాత్రం ఈస్టిండియా కుంఫిణీవాళ్లు దాన్ని పనిగట్టుకుని పెంచింది ఒక పురుగును మేపడానికి. మెక్సికోలో నాగజెముడు మీద కోచినీల్ అనే చిన్న పురుగు బతుకుతుంది. దాన్ని ఎండబెట్టి నూరితే నిగనిగలాడే ఎరుపు రంగు వస్తుంది. పౌను రంగుకు దాదాపు 70,000 పురుగులు కావాలి. ఆ వ్యాపారమంతా స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. బ్రిటిష్ సైనికాధికారుల ఎర్రకోట్లకూ ఆ రంగే కావాలి.

మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే కుంఫిణీ వైద్యుడు ఉండేవాడు. 1786లో అక్కడి గడ్డి మీద ఎర్రరసం కారే పురుగును చూసి, కోచినీల్ దొరికిందని సంబరపడ్డాడు. అది కాదని తేలింది. అయినా పట్టు వదల్లేదు. సైదాపేటలో ఏకంగా నాగజెముడు తోటే వేయించాడు. మేత సిద్ధమైంది, ఇక పురుగు రావాలి. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి కలకత్తాకు పురుగుల్ని తెచ్చాడు. తీరా చూస్తే అవి మేలురకం కావు, అడవిరకం. వాటి రంగు ఎందుకూ కొరగాలేదు. ఆకలి మాత్రం అమోఘం, వదిలిన చోటల్లా మొక్కల్ని పీల్చి పిప్పి చేశాయి.

రంగుకు పనికిరాని పురుగు కలుపు తీయడానికి పనికొచ్చింది. 1836-38 మధ్య దక్షిణాదిలో కలుపుగా పాకిన నాగజెముడును చంపడానికే దాన్ని వదిలారు. పురుగుతో కలుపును అదుపు చేయడంలో ప్రపంచంలోనే మొదటి విజయంగా శాస్త్రవేత్తలు దీన్ని చెప్పుకుంటారు. అయితే ఆ పురుగు ఒక్క జాతినే తింటుంది. పసుపుపచ్చ పూల ముళ్ల జాతి మరొకటి దానికి లొంగక బీళ్లను ఆక్రమిస్తూ పోయింది. చివరికి 1926లో సింహళం నుంచి దాని దగ్గరి బంధువైన మరో పురుగును తెచ్చి వదిలితే గానీ పీడ విరగడ కాలేదు.

కుండీల్లో కాక్టస్ పెంచేవాళ్లకు ఈ చరిత్రతో పని ఉంది. మట్ట మీద తెల్లటి దూదిపింజలాంటిది కనిపిస్తే పుల్లతో తీసి నలిపి చూడాలి. చిక్కటి ఎరుపు అంటితే అది కోచినీలే. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగి, పలచటి సబ్బునీళ్లు పట్టించాలి. బాగా పట్టేసిన మట్టను కోసి పారేయడమే మేలు.

కానీ ఇక్కడి ఇళ్లలో కాక్టస్‌ను ఎక్కువగా చంపేది పురుగు కాదు, వాన. ఎండకు తట్టుకుంటుంది కదా అని తెచ్చుకుంటారు. పటాన్‌చెరు మెట్టప్రాంతమే కానీ ఎడారి కాదు. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే కురుస్తుంది. ఆ నాలుగు నెలలు కుండీని వెలుతురు తగిలే సజ్జ కిందకు జరపాలి. మట్టి సంగతి కూడా చూసుకోవాలి. 1972లో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ను పటాన్‌చెరులో నెలకొల్పినప్పుడు ఆ స్థలానికున్న గొప్ప వసతి, ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకేచోట ఉండటం. ఇంటి ముందున్నది రేగడైతే దాన్ని కుండీలో పోయకూడదు. తడి పట్టుకుని వేరును కుళ్లబెడుతుంది. ఎర్రమట్టి, ముతక ఇసుక, ఇటుకముక్కలు కలిపి, అడుగున చిల్లున్న మట్టికుండీలో వేస్తే సరిపోతుంది. నాగజెముడు మట్టను నాటాలంటే కోసిన చోటు నీడలో వారం రోజులు ఆరి పొర కట్టాలి. తొందరపడి పచ్చిగాయంతో నాటితే కుళ్లుతుంది.

ఇక నీళ్లు. పారిశ్రామికవాడ బోర్ల గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? ఇక్కడి కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కుండీ మట్టిపై తెల్లటి ఉప్పుపొర కడుతుంటే వాననీళ్లు పట్టి ఉంచుకోవడమే దారి.

నర్సరీల్లో ఎర్ర, పసుపు బంతుల తలలతో కనిపించేవి అంటుమొక్కలు. ఆ తలలో పత్రహరితం ఉండదు, సొంతంగా బతకలేదు. కింద దాన్ని మోసే మూడు పలకల పచ్చటి కాడ సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిదే. 2021లో గుజరాత్ ప్రభుత్వం ‘కమలం’ అని పేరు పెట్టిన ఆ పండును ఇప్పుడు సంగారెడ్డి జిల్లా రైతులూ సాగు చేస్తున్నారు. సిమెంటు స్తంభం పాతి, పైన చక్రం బిగించి, తీగను దాని మీదుగా కిందికి వేలాడదీస్తారు. మేడ మీద పెద్ద డ్రమ్ములోనూ ఇలాగే పెంచుకోవచ్చు. పువ్వు రాత్రి విచ్చి తెల్లారేసరికి వాడుతుంది. కొన్ని రకాలకు చేత్తో పుప్పొడి అద్దితే గానీ కాయ నిలవదు. కాక్టసే అయినా ఇది ఎడారి మొక్క కాదు, మధ్య అమెరికా అడవుల్లో చెట్లను పట్టుకుని పాకేది. అందుకే ఏప్రిల్, మే ఎండల్లో కాడలు పసుపెక్కి మాడతాయి. ఆ రెండు నెలలు దీనికి షేడ్‌నెట్ కట్టాలి.