శూన్యం నడిపిన బళ్ళు



లీకు అనగానే మనకు తడి గుర్తుకొస్తుంది. కుళాయి కారితే నేల తడుస్తుంది, ఆయిలు కారితే మరక పడుతుంది. కారే చోటు వెతికి పట్టుకుంటాం. పాత ఆటోమేటిక్ కార్లలో వచ్చే వాక్యూమ్ లీకు అలాంటిది కాదు. మరక ఉండదు, తడి ఉండదు. బయటి గాలి సన్నగా లోపలికి దూరుతుంది, అంతే. గేరుబాక్సు పాడైందనుకుని వేలకు వేలు పోసి విప్పించాక, చివరికి చిటికెనవేలంత రబ్బరు గొట్టం పగిలి ఉందని తేలడం షెడ్లలో కొత్త సంగతేమీ కాదు. ఈ లీకును కనిపెట్టాలంటే, అసలు వాక్యూమ్ బండ్లలోకి ఎలా వచ్చిందో ముందు తెలియాలి.

మన చుట్టూ ఉన్న గాలికి బరువుంది. 1640లలో ఇటలీలో టొరిచెల్లి పాదరసం గొట్టంతో ఈ సంగతి తేల్చాడు. సముద్రమట్టం దగ్గర గాలి దాదాపు 30 అంగుళాల పాదరసాన్ని నిలబెడుతుంది. 1657లో జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో గెరికే అనే ఆయన రెండు లోహపు అర్ధగోళాలను కలిపి, లోపలి గాలిని తోడేశాడు. రెండు వైపులా గుర్రాలను కట్టి లాగించినా అవి అంత సులువుగా ఊడలేదు. ఒకచోట గాలి తీసేస్తే బయటి గాలి నొక్కుతుంది. ఆ నొక్కుడును పనికి పెట్టడమే వాక్యూమ్ విద్య.

మన జిల్లాల వాళ్ళకు ఈ విద్య మొదట రైలులో కనిపించింది. జోలార్‌పేట, మొరప్పూరు, సేలం దారిలో ఆవిరింజన్ల కాలంలో తిరిగిన బళ్ళు గుర్తున్న పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఆ పెట్టెల కింద పొడుగునా ఒక గొట్టం. ఇంజను అందులోని గాలిని పీల్చి 21 అంగుళాల వాక్యూమ్ నిలబెట్టేది. వాక్యూమ్ ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉండేవి. గొట్టం తెగినా, పెట్టె ఊడినా, ఎవరైనా చైను లాగినా గాలి లోపలికి దూరి బ్రేకులు పడేవి.

ఈ ఏర్పాటు వెనక ఒక విషాదం ఉంది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర పిల్లలతో విహారానికి బయలుదేరిన రైలు గట్టు ఎక్కలేక ఆగిపోయింది. దాని వాక్యూమ్ బ్రేకు పాత రకం. వాక్యూమ్ ఉంటేనే బ్రేకు పడుతుంది, పోతే వదిలేస్తుంది. రైలును రెండు ముక్కలు చేయగానే వెనక పెట్టెలకు బ్రేకు లేకుండా పోయింది. అవి వెనక్కి జారి, వెనక వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది పోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. ఆ ఏడాదే బ్రిటన్‌లో చట్టం వచ్చింది. లీకైతే బండి తనంతట తాను ఆగే బ్రేకే ప్రయాణికుల రైళ్ళకు ఉండాలన్నారు.

ఇక మోటారు బండికి వద్దాం. కోయంబత్తూరు జి.డి.నాయుడు గారు, మనలాగే తమిళ గడ్డ మీద తెలుగు కుటుంబంలో పుట్టినవారు, 1920లో పొల్లాచ్చి, పళని మధ్య బస్సు నడపడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో చాలా మోటార్లకు పెట్రోలు పంపు ఉండేది కాదు. ఇంజను పీల్పుతోనే వెనక ట్యాంకులోని పెట్రోలు ముందున్న చిన్న డబ్బాలోకి వచ్చేది. నిడుపాటి గట్టు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కుతాం కదా, అప్పుడు పీల్పు తగ్గి పెట్రోలు అందేది కాదు. వాక్యూమ్‌తో నడిచే వైపర్లదీ అదే కథ. ఎక్కుడు దారిలో, జోరువానలోనే అవి నీరసించేవి.

తరువాత బ్రేకుకు సాయంగా వాక్యూమ్ బూస్టరు వచ్చింది. 1939 చివర్లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లకు హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు పెట్టారు. 1960లకు వచ్చేసరికి చాలా ఆటోమేటిక్‌లలో మాడ్యులేటరు అనే చిన్న రేకు డబ్బా చేరింది. అందులో ఒక రబ్బరు పొర, దాని నుంచి ఇంజనుకు సన్నగొట్టం. పీల్పు తగ్గితే బండి మీద భారం పెరిగిందని గేరుబాక్సు గ్రహించి, ఆయిలు ఒత్తిడి పెంచి, గేరు ఆలస్యంగా మారుస్తుంది.

ఆ గొట్టం పగిలిందనుకోండి. బండి ఖాళీగా వెళ్తున్నా గేరుబాక్సుకు భారం ఉన్నట్టే తోస్తుంది. గేరు ఆలస్యంగా, ఎత్తేసినట్టు పడుతుంది. లోపలి పొరే చిరిగితే గేరాయిలు ఇంజనులోకి పోయి తెల్లటి పొగ వస్తుంది, ఆయిలు మాత్రం కింద ఎక్కడా కనబడదు. 1976లో వచ్చిన బెంజి 123 డీజిలు కారులోనైతే తలుపుల తాళాలు, ఇంజను ఆపడం కూడా వాక్యూమ్‌తోనే. తాళం దగ్గర లీకుంటే తాళంచెవి తిప్పినా ఇంజను ఆగకపోవచ్చు! రైలులో లీకు బండిని ఆపేది. కారులో లీకు ఇంకో రోగం వేషం వేసుకుని వస్తుంది.

మరి కనిపెట్టేదెలా? బండిని సమనేల మీద నిలిపి, గేరు పార్కులో పెట్టి, హ్యాండుబ్రేకు వేయండి. పెట్రోలు ఇంజను ఐడిలింగులో ఎగుడుదిగుడుగా ఉండి, కొంచెం రేజ్ చేస్తే సర్దుకుంటే లీకును అనుమానించండి. ఐడిలింగులో ఇంజను పీల్చే గాలి తక్కువ, అందుకే దొంగగాలి ప్రభావం అప్పుడే ఎక్కువ. ఒక రబ్బరు ట్యూబు చెవి దగ్గర పెట్టుకుని, ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా రెండో కొస తిప్పుతూ బుస్సుమనే శబ్దం వినండి. గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. దేన్ని నొక్కితే ఇంజను చప్పుడు మారుతుందో అక్కడ ఆరా తీయండి. అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లి చూడవచ్చు. వేడి ఇంజను మీద పెట్రోలు మాత్రం చల్లకండి.

వాక్యూమ్ గేజీ ఉంటే మరీ మంచిది. మంచి పెట్రోలు ఇంజను ఐడిలింగులో 17 నుంచి 21 అంగుళాలు నిలకడగా చూపాలని పుస్తకాలు చెబుతాయి. అది సముద్రమట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. ధర్మపురి సుమారు 1500 అడుగుల మీదుంది, హోసూరు దాదాపు 2900. హోసూరులో 15 చూపిందని ఇంజనును తప్పు పట్టకూడదు. ముల్లు కదలకుండా బాగా తక్కువలో నిలిస్తే లీకైనా ఉండాలి, ఇగ్నిషన్ టైమింగు ఆలస్యమైనా అయి ఉండాలి.

బ్రేకు బూస్టరును మీరే పరీక్షించవచ్చు. ఇంజను ఆపి పెడలును నాలుగైదు సార్లు తొక్కండి. పాదం అలాగే ఉంచి స్టార్టు చేయండి. పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండిని షెడ్డుకు పంపండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సేలం వైపు పోవాలంటే మనం తొప్పూరు ఘాటు దిగాలి. పెట్రోలు మిగులుతుందని అక్కడ ఇంజను ఆపి బండిని వదిలేవాళ్ళున్నారు. ఇంజను ఆగితే పీల్పు ఆగుతుంది. బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. ఆ తరువాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. లీకున్న బూస్టరుతో దిగినా అంతే. కనుక ఘాటులో ఇంజను ఆపకండి, చిన్న గేరులోనే దిగండి. గేరుబాక్సు విప్పమనే ముందు ఆ సన్నగొట్టాన్ని ఒకసారి చూడమని మీ మెకానిక్‌తో చెప్పండి.