మొక్కలోని మోతగాండ్రు

పశువు మేతకై కదలిపోవును. ఆపద వచ్చినచో పారిపోవును. మొక్కకు ఆ రెండు అవకాశములును లేవు. నిలిచిన చోటనే అది పెరుగవలెను, అచటనే తన్ను కాపాడుకొనవలెను. అందుకు కావలసిన రాకపోకలు దాని లోపలనే జరుగుచున్నవి. ప్రతి జీవకణమునందును పలుచని పొరతో ఏర్పడిన చిన్న తిత్తులు సరకు నింపుకొని, చేరవలసిన చోటికి చేరి, అచటి పొరతో కలిసిపోయి సరకు దింపుచుండును. వీనిని నడిపించునవి కొన్ని మాంసకృత్తులు. వీనిని గూర్చి మనకు తెలిసిన కథలో ముఖ్యఘట్టము మొక్కలో గాక, పిండిని పులియబెట్టు ఈస్టులో జరిగినది.

1979లో అమెరికాయందలి బర్కిలీలో పీటర్ నోవిక్, రాండీ షెక్మన్ అనువారు ఒక వింత ఈస్టును పరిశీలించిరి. 25 డిగ్రీల వేడిమిలో అది చక్కగా పెరుగును. 37 డిగ్రీలకు మార్చినచో ఎదుగుదల ఆగి, కణమంతయు సరకు దింపని తిత్తులతో నిండిపోవును. అందు చెడిన జన్యువునకు సెక్-1 అని పేరిడిరి. పని ఎట్లు జరుగునో తెలియుటకు, అది ఆగిపోయిన చోట వెదకవలెనన్నదే వారి యుక్తి. ఈ మార్గమున సాగించిన కృషికి షెక్మన్ 2013లో మరి ఇరువురితో కలిసి నోబెల్ బహుమానము నందెను.

జర్మనీలో గెర్డ్ యూర్గెన్స్ బృందమువారును ఇదే యుక్తిని మొక్కపై ప్రయోగించిరి. ఆవమొక్కకు చుట్టమైన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో, పిండదశయందే రూపము చెడిన మొలకలను ఏరి 1991లో ప్రకటించిరి. వానిలో ఒకదానికి దుంప అను అర్థముగల 'క్నోల్లె' యనియు, మరియొకదానికి గద అను అర్థముగల 'కోయ్లె' యనియు పేర్లు.

మొక్కలో ఒక కణము రెండగునపుడు తిత్తులు నడుమ చేరి, ఒకదానితో నొకటి కలిసి, అంచులవరకు వ్యాపించి అడ్డుగోడ యగును. ఈ మొలకలలో ఆ గోడ పూర్తి కాదు. ఒకే గదిలో పెక్కు కేంద్రకములు చిక్కుకొనును, మొలక బ్రతుకదు. తిత్తులను కలుపు సింటాక్సిన్ జాతి మాంసకృత్తు లోపించుటయే క్నోల్లె జబ్బుకు కారణమని 1996లో తేలినది. 2001లో కోయ్లె రహస్యమును బయటపడినది: అది ఈస్టులోని సెక్-1కు జ్ఞాతి, క్నోల్లెతో జతకట్టి పనిచేయునది! ఈస్టులో సరకును నిలిపివేసిన లోపమువంటిదే మొక్కలో గోడను నిలిపివేసినది.

పెరుగుదల మాట ఇట్లుండగా, రక్షణ మాట యేమి? బార్లీ పైరుకు బూడిద తెగులు తెచ్చు బూజు అరబిడాప్సిస్ పై వాలినను సాధారణముగా లోనికి దూరలేదు. పెన్-1 అను సింటాక్సిన్ లోపించిన మొక్కలలో మాత్రము అది మరింత సులువుగా కణకవచమును ఛేదించునని 2003లో వెల్లడియైనది. బూజు గుచ్చిన చోటనే ఈ మాంసకృత్తు గుమిగూడి, అచటి అడ్డును పటిష్ఠము చేయుటకు తోడ్పడును. మన మినుము చేలపై బూడిద చల్లినట్లు కనబడునదియు ఆ వర్గపు బూజే.

పైరు నిలుచుటకు నీరును ఎరువును అవసరమని మనమెరుగుదుము. లోనికి చేరిన సరకు సరియైన గుమ్మమున దిగుటయు అంతే అవసరమని ఈ మోతగాండ్ర చరిత్ర మనకు తెలుపుచున్నది.