పులిజూదంలో జూదం లేదు

ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అనే మాటకి వయసు తక్కువే. 1990లో సలోవీ, మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దాన్నో పేపర్లో వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఊరూరా తిరిగింది. ఆ తర్వాత హెచ్చార్ వాళ్ళ చేతిలో పడి మన ట్రైనింగ్ రూముల్లోకీ వచ్చేసింది. మాట కొత్తదే గానీ పని పాతది. ఓడినప్పుడు తమాయించుకోవడం, ఎదుటివాడి ఎత్తు పసిగట్టడం, ఎక్కడ ఆగాలో తెలియడం... వీటిని మనవాళ్ళు ఆటల్లోనే నేర్పారు.

వైకుంఠపాళీ సంగతే చూడండి. నిచ్చెనలకి సుగుణాల పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు. గవ్వలు ఎలా పడితే అలా పోవడమే తప్ప మన తెలివికి పనేం లేదు. వైకుంఠం దాకా వెళ్ళి పెద్దపాము నోట్లో పడి కిందకొచ్చినా, ఏడవకుండా మళ్ళీ గవ్వలు వెయ్యాలి. నేర్పేది అదే. ఈ ఆట ఇంగ్లండు వెళ్ళి, 1943లో అమెరికాలో జారుడుబల్లల ఆటగా మారింది.

ఇహ పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. ఇలాంటి ఆటపటాలు హంపి బండల మీద చెక్కినవి ఇప్పటికీ కనిపిస్తాయి. సీమలో రచ్చకట్ట మీద సుద్దతో గీసుకుని గులకరాళ్ళతో ఆడేవాళ్ళు. మేక పులిని చంపలేదు. నాలుగు మేకలు పోయినా కంగారు పడకుండా, మిగిలినవన్నీ కలిసి పులికి దారి లేకుండా కట్టెయ్యాలి. పేరులో జూదం ఉంది గానీ ఆటలో పాచికా లేదు, పందెమూ అక్కర్లేదు.

అనంతపురం లాంటి చోట ఇది ఉత్త కాలక్షేపం కాదు. నైరుతి మేఘాలకి పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య రుతుపవనాలకి సముద్రం దూరం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఒక్క పదును వానకి శెనక్కాయలు వేసి ఆకాశం వంక చూడ్డమే. బోరు ఎండితే అప్పు చేసి ఇంకో బోరు, అదీ ఎండితే మరోటి... "ఈసారి తప్పకుండా పడుతుంది" అనే ఆశే అప్పుల్లోకి దించుతుంది.

ఫోన్లోని పందెం ఆటలు సరిగ్గా ఆ ఆశనే పట్టుకున్నాయి. పోయిన డబ్బు రాబట్టుకుందామని ఇంకో ఆట, ఆ తర్వాత ఇంకోటి. వాటిని రాసేది మనలాంటి వాళ్ళే. ఏ క్షణంలో ఏ నోటిఫికేషన్ పంపితే మనిషి మళ్ళీ వస్తాడో లెక్కగట్టే కోడ్ అది. పైగా వాటిని "నైపుణ్యం" ఆటలు అన్నారు! తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది.

అంటే ఫోన్ ఆటతో మంచి నేర్పలేమా? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు క్రిస్టల్స్ ఆఫ్ కేడోర్ అనే ఆట చేశారు. వింత గ్రహంలో దిగిన రోబో అక్కడి జీవుల ముఖాల్లో కోపమో భయమో చదవాలి. బడిపిల్లలతో రెండు వారాలు ఆడించి 2018లో ఫలితాలు ప్రచురించారు. కొందరి మెదడులో సహానుభూతికి సంబంధించిన అనుసంధానాలు బలపడ్డాయి, అందరిలోనూ కాదు. మందు ఉంది గానీ అందరికీ పనిచెయ్యదన్నమాట.

అనంతపురంలోనే ఇంకో దారి ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలెట్టిన ఆర్డీటీతో కలిసి రఫేల్ నడాల్ ఫౌండేషన్ 2010లో అక్కడ టెన్నిస్ బడి తెరిచింది. టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ పాఠాలు కూడా. పాయింటు పోయిన మరు నిమిషంలో తల ఎత్తి మళ్ళీ నిలబడాలి, ఆట అయ్యాక గెలిచినవాడితో చెయ్యి కలపాలి. ఆ చెయ్యి కలపడాన్ని ఏ యాప్‌లోనూ పెట్టలేం.

ఫోన్ ఆట రాసేవాళ్ళు పులిజూదం నుంచి ఒక్క ఫీచర్ తీసుకున్నా చాలు: ఆట ముగుస్తుంది. పులి కట్టుబడగానే రాళ్ళు అక్కడే వదిలి ఇంటికి పోవచ్చు. ముగింపు లేని ఆటలో పిల్లవాడు ఆగడం ఎలా నేర్చుకుంటాడు చెప్పండి?